బాస్ లినక్స్: సర్కారు ముద్ర చూసి కాదు, సంతకం చూసి నమ్మండి

ప్రభుత్వ సంస్థ అయిన చెన్నై సీడాక్ తయారుచేసే ఆపరేటింగ్ సిస్టమ్ బాస్ లినక్స్. దానికి పునాది డెబియన్ అనే పేరున్న మరో లినక్స్. తెలుగు టైపింగ్ బాగుంది, చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో కొన్న పాత పీసీకైనా పనికొస్తుంది. ఇక్కడివరకు పేచీ లేదు.

"ప్రభుత్వానిది కదా, నిఘా పెట్టరా?" అని అందరూ అడిగేదే. సర్కారు చెయ్యి పడ్డంత మాత్రాన కోడ్ చెడదు. లినక్స్‌కు భద్రత పెంచే ఎస్‌ఈ లినక్స్ రాసింది అమెరికా నిఘా సంస్థ ఎన్‌ఎస్‌ఏ. 2000లో బయటపెట్టింది, 2003లో లినక్స్ గుండెకాయ అయిన కెర్నల్‌లో చేరింది, నేటికీ ఆండ్రాయిడ్‌ను కాస్తోంది. అదే ఎన్‌ఎస్‌ఏ వారి స్పెక్ సైఫర్ (డేటాను రహస్య లిపిలోకి మార్చే పద్ధతి) 2018లో కెర్నల్‌లోకి వచ్చి, అనుమానాల మధ్య అదే ఏడాది బయటికి పోయింది. రెండూ అందరి కళ్లముందే జరిగాయి.

అసలు బెంగ వేరే: ప్యాచ్‌ల (లోపాలు దిద్దే అప్‌డేట్‌ల) ఆలస్యం. డెబియన్ దిద్దిన లోపం బాస్ రిపాజిటరీకి (అప్‌డేట్‌లు దిగే సాఫ్ట్‌వేర్ నిల్వకు) ఎప్పుడు చేరుతుంది? టెర్మినల్‌లో 'apt policy openssl' కొట్టి (ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అంటే నెట్ కనెక్షన్లను గుప్తంగా ఉంచే సాఫ్ట్‌వేర్), వచ్చిన వెర్షన్‌ను, దిద్దిన లోపాలను చూపే డెబియన్ సెక్యూరిటీ ట్రాకర్ సైటుతో పోల్చండి. వెనకబడి ఉంటే ఆ మెషీన్‌లో బ్యాంకు పని వద్దు. తొందరపడి డెబియన్ రిపాజిటరీని నేరుగా కలిపేస్తే డిపెండెన్సీలు (ఒకదానిపై ఒకటి ఆధారపడే సాఫ్ట్‌వేర్ ముక్కలు) చిక్కుపడి డెస్క్‌టాపే లేవకపోవచ్చు.

ఐఎస్‌ఓ (ఇన్‌స్టాల్ ఫైలు) దించాక షా256 చెక్‌సమ్ (ఫైలు మారిందో లేదో చెప్పే వేలిముద్ర లాంటి కోడ్) సరిచూడటం మంచిదే. కానీ ఫైలూ, చెక్‌సమ్మూ ఒకే సైటువైతే, సైటును హ్యాక్ చేసినవాడు రెండూ మార్చేస్తాడు. జీపీజీ సంతకం (తయారీదారు తన రహస్య కీతో వేసే డిజిటల్ సంతకం) ఉంటేనే భరోసా, దాన్ని సరిచూసే పబ్లిక్ కీ కూడా వేరే దారిలో తెచ్చుకున్నదైతేనే.

బడికి, లైబ్రరీకి సరే. సర్వర్‌కైతే నేరుగా డెబియనే మేలు.