పాత వీడియో క్యాసెట్లు ఎక్కించే షాపు, హన్మకొండ: మధ్యలోవి కట్ చేయొద్దని ముందే చెప్పండి

ఆరు వీహెచ్ఎస్ క్యాసెట్లు, తొమ్మిది రోజులు, క్యాసెట్‌కు 400 రూపాయలు. హన్మకొండ చౌరస్తా నుంచి నడిచి వెళ్లేంత దూరం. పెళ్లి వీడియోలు తీసే స్టూడియో అది, మొదటి అంతస్తులో ఉంటుంది. క్యాసెట్లు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిస్తారని బోర్డు మీద ఎక్కడా ఉండదు, మెట్లెక్కి అడగాలి. ఇంట్లో పాత క్యాసెట్లు ఉండి, వరంగల్‌లో ఎవరూ చేయరనుకుని హైదరాబాద్ పంపిద్దామని చూస్తున్నవాళ్ల కోసం ఇదంతా రాస్తున్నాను.

మావి పెళ్లి క్యాసెట్లు కావు, 1993 నుంచి 1997 దాకా మా అక్క టీవీలో నుంచి రికార్డు చేసిన పాటలు. బాపు రైల్వేలో పనిచేసేవాడు, కాజీపేట క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. అప్పటిదాకా పాటలు చూడాలంటే దూరదర్శన్‌లో బుధవారం చిత్రహార్, శుక్రవారం చిత్రలహరి, అంతే. డిష్ కనెక్షన్ పెట్టించుకున్నాక స్టార్ ఛానళ్లతో పాటు ఎంటీవీ వచ్చింది. అమెరికాలో 1981లోనే మొదలైన ఛానల్, మన దాకా రావడానికి పదేళ్లు పట్టింది. ఇంగ్లిష్ ఒక్క ముక్క అర్థం కాకపోయినా స్కూల్ నుంచి రాగానే దాని ముందే కూర్చునేవాళ్లం. ఒక పాటను ఒక చిన్న సినిమాలా తీస్తారని, దానికి హీరో హీరోయిన్లు అక్కర్లేదని, పాడేవాడే తెర మీద కనిపిస్తాడని మాకు అప్పుడే తెలిసింది. 2025 డిసెంబర్ 31తో బ్రిటన్‌లో ఎంటీవీ పాటల ఛానళ్లు మూసేశారని వార్త చూసి అక్క ఫోన్ చేసింది, "మన క్యాసెట్లు ఉన్నయారా?" అని. అటక మీద నుంచి దించితే నాలుగింటి రీలు అంచున తెల్లగా బూజు పట్టి ఉంది.

ఇంతకుముందు ఒకసారి వేరే ఊళ్లో ఒకచోట ఒక క్యాసెట్ ఇచ్చి చూశాను. వాళ్లు రీలు శుభ్రం చేయకుండానే మెషీన్‌లో పెట్టారు, తెగింది. తిరిగిచ్చిన ఫైల్‌లో పాటలు మాత్రమే ఉన్నాయి, మధ్యలోవన్నీ తీసేశారు, అది చూసి అక్క ఏడ్చింది. అందుకే ఈసారి భయపడుతూనే వెళ్లాను. ఈ షాపాయన క్యాసెట్ చేతిలోకి తీసుకుని మూత ఎత్తి రీలు వెలుతురులో చూసి, "తమ్మీ, ఇది ఇప్పుడే పెడితే నా మెషీన్ హెడ్ కూడా ఖరాబు అయితది, రెండు రోజులు టైమియ్యి" అన్నాడు. ఆ మాటతోనే నాకు సగం టెన్షన్ పోయింది. బూజు తుడిచి, రీలు ముందుకూ వెనక్కూ తిప్పి, ఒక్కో క్యాసెట్ తర్వాత హెడ్, అంటే రీలును చదివే భాగం, స్పిరిట్‌తో తుడిచి చేస్తాడు. ఆయన దగ్గర మూడు వీసీఆర్‌లు ఉన్నాయి, నడిచేవి రెండే, మూడోది విడిభాగాల కోసం. ఆఖరిదాకా వీసీఆర్‌లు చేసిన జపాన్ కంపెనీ ఫునాయ్ కూడా 2016లో ఆపేసింది కాబట్టి రబ్బరు రోలర్ పోతే కొత్తది ఎక్కడ దొరుకుతుంది? మూడు గంటల క్యాసెట్ ఎక్కడానికి మూడు గంటలూ పడుతుంది, తొందరపెట్టి లాభం లేదు.

ఎక్కించేముందు ఆయన అడిగిన ప్రశ్న ఒక్కటే, పాటలు మాత్రం కావాలా, ఉన్నదంతా కావాలా అని. ఉన్నదంతా కావాలన్నాను. మీరు వెళ్లినా ఇదే చెప్పండి, దయచేసి. పాటలు ఎలాగూ ఫోన్‌లో దొరుకుతాయి, ఇంతకంటే వంద రెట్లు శుభ్రంగా దొరుకుతాయి. దొరకనివి ఆ మధ్యలోవే. పాటకూ పాటకూ మధ్య వచ్చి మాట్లాడే వీజేలు, అప్పటి సబ్బుల, స్కూటర్ల యాడ్లు, మూలన ఛానల్ గుర్తు. ఆ గుర్తును బట్టే ఏ క్యాసెట్ ఎప్పటిదో తేల్చాం. 1994లో ఎంటీవీ స్టార్ నుంచి వెళ్లిపోయి దాని చోట ఛానల్ వీ వచ్చింది కదా, రెండో క్యాసెట్‌లో సగం దాకా ఎంటీవీ ఉంది, అక్కడి నుంచి వీ. మూడో దాంట్లో అలీషా పాట మేడ్ ఇన్ ఇండియా ఏకంగా ఐదుసార్లు ఉంది, అంటే ఆ పాట వచ్చిన 1995. ఐదుసార్లు ఎందుకంటే అక్కకు ఒక్కసారి కూడా మొదటి నుంచి దొరకలేదు. రికార్డు, ప్లే బటన్లు రెండూ కలిపి నొక్కాక రీలు డ్రమ్‌కు చుట్టుకుని రికార్డవడానికి రెండు మూడు సెకన్లు పట్టేది, ఏ పాట వస్తుందో చూసి నొక్కేసరికే ముందు వాయించేదంతా పోయేది. పాజ్‌లో పెట్టి కాచుకుందామంటే ఐదు నిమిషాలకు వీసీఆర్ తనంతట తానే ఆగిపోయేది. ఇప్పటికీ ఆ పాటలు ఫోన్‌లో మొదటి నుంచి వింటే ఎవరో కొత్త ముక్క తెచ్చి అతికించినట్టు ఉంటుంది నాకు.

ఇంకోటి, కరెంటు. పాట నడుస్తూ నడుస్తూ ఒక్కసారి గీతలు పడి ఎగిరి ఇంకో పాట మధ్యలోకి పోతుంది. అక్కడ కరెంటు పోయిందన్నమాట. నాలుగో క్యాసెట్‌లో ఇలా పదకొండు చోట్ల ఉంది, అది ఎండాకాలం సెలవుల్లో చేసింది. కట్ చేసేవాళ్లు ముందు తీసేసేది ఇలాంటివే. నాకు మాత్రం ఆ గీత పడ్డ ప్రతిచోటా క్వార్టర్స్ వరండా, విసనకర్ర పట్టుకున్న అమ్మ కనిపిస్తున్నారు. ఐదో దాంట్లో మా డిష్ అన్న నడిపిన లోకల్ ఛానల్ ఇరవై నిమిషాలు పడింది, కింద పుట్టినరోజు శుభాకాంక్షలు పేర్లతో సహా పాకుతూ పోతున్నాయి, ఆ పేర్లలో ముగ్గురు మా క్లాసువాళ్లు.

లోపాలూ చెప్పాలి. ఆరో క్యాసెట్‌లో సౌండ్ ఒక వైపు స్పీకర్‌లోనే వచ్చింది, తీసుకెళ్లి చెబితే డబ్బులు అడగకుండా మళ్లీ ఎక్కించాడు కానీ దానికే మూడు రోజులు పట్టింది. ఫైళ్లకు ఒకటి, రెండు, మూడు అని పేర్లు పెట్టి ఇస్తాడు, ఏది ఏ క్యాసెట్టో మనమే చూసుకోవాలి, కాబట్టి ఇచ్చేముందే క్యాసెట్ల మీద నంబర్లు వేయండి. పెన్‌డ్రైవ్ మనదే తీసుకెళ్లాలి, 64 జీబీది మాకు సరిపోయింది. పెళ్లిళ్ల సీజన్‌లో మాత్రం పోవద్దు, ఆయన షూటింగుల్లో ఉంటాడు, కుర్రాళ్లకు వీసీఆర్ ముట్టుకోనివ్వడు. బూజు పట్టినవి ముందే ఇంట్లో వీసీఆర్‌లో పెట్టి చూడకండి, అలాగే తీసుకెళ్లండి.

నిన్న రాత్రి అక్కకు రెండో ఫైల్ పంపాను. గంటన్నర ఫోన్ ఎత్తలేదు. తర్వాత చేసి, జగిత్యాలలో తన బీరువాలో ఇంకో రెండు క్యాసెట్లు ఉన్నాయని చెప్పింది. దసరాకు వచ్చేటప్పుడు తెమ్మన్నాను.