వుడ్‌వర్డ్ జూనిపర్: డెన్వర్ పెరట్లో పెట్టుకోదగ్గ చెట్టేనా?

మేముండేది అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో, డెన్వర్ పక్కన అరోరాలో. ఇక్కడ ఏడాది మొత్తానికి వానా మంచూ కలిపి పడేది సుమారు 14, 15 అంగుళాలు. మా అనంతపురంలో పడే వాన కంటే తక్కువ. చుట్టూ పచ్చటి లాన్‌లు చూసిన మా నాన్న ఈ మాట నమ్మలేదు. ఆ పచ్చదనమంతా కుళాయి నీళ్ల చలవే అని వేసవి బిల్లు చూపించాక ఒప్పుకున్నారు. ఆ బిల్లు భరించలేకే కంచె వెంబడి గడ్డి తీసేసి, ఏడాదంతా పచ్చగా ఉండే వుడ్‌వర్డ్ జూనిపర్ చెట్లు పెట్టాం.

ఇది రాకీ మౌంటెన్ జూనిపర్‌లో ఒక రకం. ఆ జాతి ఇక్కడి రాకీ కొండల్లో సొంతంగా పెరిగేదే. యూటాలోని లోగన్ క్యానియన్‌లో రాతి మీద నిలబడ్డ ఒక చెట్టుకి 1500 ఏళ్లు ఉంటాయని అంచనా. వుడ్‌వర్డ్ మాత్రం సన్నగా, నిటారుగా పెరుగుతుంది: ఎత్తు 20 అడుగుల దాకా, వెడల్పు నాలుగడుగుల లోపే. ఇరుకు పెరళ్లకి ఇంతకంటే ఏం కావాలి? వసంతంలో పడే తడి మంచు బరువుకి వేరే జూనిపర్ల కొమ్మలు విచ్చుకుపోతాయి. మావి చెక్కు చెదరలేదు. ఆకుల్ని వేళ్లతో నలిపితే కొత్తగా చెక్కిన పెన్సిల్ వాసన. పాత పెన్సిళ్ల చెక్క దీని దగ్గరి చుట్టానిదే మరి.

నా ఫిర్యాదంతా అమ్మేవాళ్ల మీద. నేను కొన్న నర్సరీలో ‘కరువుకి తట్టుకుంటుంది, నెల తర్వాత నీళ్లక్కర్లేదు’ అన్నారు. ఇది పూర్తిగా తప్పు. వేళ్లు చుట్టూ నేలలోకి పాకాకే ఆ ఓర్పు వస్తుంది, దానికి ఒకటి రెండేళ్లు పడుతుంది. కుండీలోంచి తీస్తే వేళ్లు గుండ్రంగా చుట్టుకుపోయి ఉన్నాయి. కాండం వేళ్లుగా విడిపోయే చోటైతే మట్టి కింద పూడుకుపోయి ఉంది. చుట్టిన వేళ్లు కోసి, పైమట్టి గీకేసి, ఆ చోటు నేలకి అంగుళం ఎత్తులో ఉండేలా నాటాం. మాది బంకమట్టి. నీళ్లు నిలిస్తే జూనిపర్ వేళ్లు కుళ్లిపోతాయి కాబట్టి ఈ పని తప్పదు.

నాన్న మా దగ్గరున్నన్నాళ్లూ రోజూ పొద్దున్నే పైపు పట్టుకునేవారు. వద్దంటే మట్టిలోకి వేలు గుచ్చి చూసి, ‘లోపల పదునుందిలే, రేపటికి ఆపుదాం’ అనేవారు. వేరుశనగ పండించిన చెయ్యి కదా, ఇంక చెప్పాల్సిన పని లేకపోయింది. మొదటి వేసవిలో వారానికోసారి డ్రిప్‌తో నిదానంగా, లోతుగా తడిపాం. చాలామంది మర్చిపోయేది చలికాలం. అక్టోబర్ నుంచి మార్చి దాకా మంచు పడని నెలల్లో, 40 డిగ్రీల ఫారన్‌హీట్ దాటిన రోజు చూసి నెలకి ఒకటి రెండు సార్లు నీళ్లు పెట్టాలి. ఈ ఎండుగాలికి ఆకు ఎర్రబారి చచ్చిపోయే మొక్కలు ఎక్కువ. ఇప్పుడు మావి వేసవిలో కూడా ఎప్పుడో ఒకసారి తడిపితే చాలు.

పెద్ద కుండీ మొక్కకి డబ్బు పోయకండి. 5 గ్యాలన్లది తొందరగా వేళ్లూనుకుంటుంది, ధరా తక్కువే.

ఒక విషయం గట్టిగా చెప్పాలి. గోడ పక్కన, కిటికీ కింద దీన్ని పెట్టొద్దు. జూనిపర్‌లో నూనె ఉంటుంది, అంటుకుంటే భగ్గుమంటుంది. 2021 డిసెంబర్ 30న మార్షల్ ఫైర్ అనే కార్చిచ్చులో డెన్వర్ దగ్గరి లూయిస్‌విల్, సుపీరియర్ ఊళ్లలో వెయ్యికి పైగా ఇళ్లు కాలిపోయాయి. అవి అడవిలో ఇళ్లు కావు, మనవాటిలాంటి కాలనీల్లోని ఇళ్లే. ఇంటికి కనీసం 30 అడుగుల దూరం ఉంచగలిగితేనే కొనండి. మా పెరడు పొడుగ్గా ఉంది కాబట్టి సరిపోయింది.

కంచె వెంబడి అడ్డుగా, తక్కువ నీళ్లతో బతికే చెట్టు కావాలంటే నా ఓటు దీనికే, ఐదుకి నాలుగున్నర. యాపిల్ చెట్టున్న పక్కింటివాళ్లు అడిగితే మాత్రం వద్దన్నాను. తుప్పు తెగులు ఈ రెండు చెట్ల మధ్యా తిరుగుతూ బతుకుతుంది: జూనిపర్‌కి పెద్దగా నష్టం ఉండదు, యాపిల్ ఆకులు మాత్రం నారింజ మచ్చలతో పాడైపోతాయి.