మా అత్తగారి అమ్మమ్మకి అమ్మమ్మ ఎవరు? స్కాట్లాండ్స్ పీపుల్ ఆరేళ్లు వాడాక నా అనుభవం

పెళ్లయి అబర్దీన్ వచ్చిన కొత్తలో మా అత్తగారు ఒకసారి అడిగారు, "మీ ఊళ్లో ఏడు తరాల పేర్లు చెబుతారటగా, మా వాళ్లవి నాకు మూడు కూడా తెలీవమ్మా" అని. ఆవిడ పుట్టింటివాళ్లది బాన్ఫ్‌షైర్ కౌంటీలోని మార్నాక్ పారిష్ (ఒక చర్చి కింద ఉండే ప్రాంతం), డెవరాన్ నది పక్కన పొలాలు, మధ్యలో అబర్‌కర్డర్ అనే చిన్న ఊరు, అంతే. ఆవిడ కోసం మొదలుపెట్టి ఆరేళ్లుగా స్కాట్లాండ్ ప్రభుత్వ రికార్డుల సైట్ స్కాట్లాండ్స్ పీపుల్ వాడుతున్నాను. పల్లెటూరి కుటుంబం కోసం వెతికేవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు డబ్బు సంగతి. పేరు వెతకడం ఉచితం, అసలు రికార్డు బొమ్మ తెరవాలంటే క్రెడిట్లు కావాలి. నేను కొన్నప్పుడు ఒక జనన రికార్డుకి 6 క్రెడిట్లు, అంటే ఒకటిన్నర పౌండు. చిన్న మొత్తమే అనిపిస్తుంది కానీ ఒకే పేరున్న నలుగుర్ని తెరిచి చూస్తే ఆ సాయంత్రానికే 6 పౌండ్లు. అందుకే చూడాల్సినవి ఒక నోట్‌బుక్‌లో రాసిపెట్టుకుని, ఎడిన్‌బరోలోని వాళ్ల సెంటర్‌కి వెళ్లాను. నేను వెళ్లినప్పుడు అక్కడ రోజుకి 15 పౌండ్లు కడితే ఎన్నయినా తెరవొచ్చు. నేను మొదటి రోజే యాభై దాకా చూశాను.

1855 జనవరి 1 నుంచి ఇక్కడ జనన, వివాహ, మరణాల నమోదు చట్టప్రకారం తప్పనిసరి. ఆ రికార్డుల్లో నాకు అన్నిటికంటే విలువైనది మరణ రికార్డు. చనిపోయిన మనిషి తండ్రి పేరు, తల్లి పేరు, ఆ తల్లి పుట్టింటి ఇంటిపేరు కూడా అందులోనే ఉంటాయి. మన దగ్గర పెళ్లవగానే ఇంటిపేరు మారిపోయి ఆడవాళ్ల పుట్టిల్లు కాగితాల్లోంచి మాయమైపోతుంది కదా, ఇక్కడ ఆ పేరు చివరిదాకా ఉండటం చూసి నాకు కళ్లు చెమర్చాయి. 1855 ఒక్క సంవత్సరం రికార్డుల్లో ఇంకా ఎక్కువ రాశారు, పిల్లాడు పుడితే తల్లిదండ్రుల వయసు, వాళ్లు పుట్టిన ఊరు, అంతకుముందు ఎంతమంది పిల్లలు అన్నీ. మీ వాళ్లలో ఎవరైనా ఆ ఏడాది పుట్టినా పోయినా ముందు ఆ రికార్డు తెరవండి.

పేర్ల పద్ధతి కూడా మనకి తెలిసినట్టే ఉంటుంది. మొదటి కొడుక్కి తండ్రి తండ్రి పేరు, రెండోవాడికి తల్లి తండ్రి పేరు, మొదటి కూతురికి తల్లి తల్లి పేరు. అందరూ పాటించలేదు గానీ మా అత్తగారి వైపు గట్టిగా పాటించారు. అందుకే ఆవిడ పేరే ఆవిడ అమ్మమ్మది, ఆ అమ్మమ్మకి అమ్మమ్మదీ అదే. ఈ చివరి ఆవిడ దగ్గరే నేను రెండేళ్లు ఆగిపోయాను.

ఆవిడ 1844 ప్రాంతంలో పుట్టి ఉండాలి, కానీ మార్నాక్ చర్చి పాత రిజిస్టర్లలో ఆ పేరు లేదు. ఇంతలో డబ్బు కట్టి చేరిన వేరే వంశవృక్షాల సైట్లో ఎవరో ఆవిడని పక్కన ఉన్న రోతీమే పారిష్‌లోని దంపతులకి కూతురిగా పెట్టేశారు. పేరు సరిపోయింది, ఏడాది సరిపోయింది, నేనూ నమ్మేశాను. ఎనిమిది నెలలు ఆ దంపతుల పూర్వీకుల్ని వెతికి అత్తగారికి చెప్పుకుంటూ పోయాను. తర్వాత ఆవిడ మరణ రికార్డు తెరిస్తే తల్లిదండ్రులు వేరే మనుషులు! ఆ రాత్రి నిద్ర పట్టలేదు, అత్తగారికి ఫోన్ చేసి చెప్పడానికి మాట రాలేదు. ఒరిజినల్ రికార్డు చూడకుండా ఇంకొకరి వృక్షం నుంచి ఒక్క పేరు కూడా తీసుకోకండి.

అసలు తల్లిదండ్రుల పేర్లు తెలిశాక 1851 జనాభా లెక్కలు దారి చూపించాయి. 1841 లెక్కల్లో అదే కౌంటీలో పుట్టారా లేదా అన్నంతవరకే ఉంటుంది, పెద్దవాళ్ల వయసుని ఐదేళ్ల లెక్కకి తగ్గించి రాశారు. 1851 నుంచి పుట్టిన పారిష్ రాశారు. ఏడేళ్ల పిల్ల, పుట్టింది మార్నాక్. మరి చర్చి రిజిస్టర్లో ఎందుకు లేదు? జవాబు ఊరి చరిత్రలో ఉంది. 1841 జనవరిలో జనం వద్దన్న పాస్టర్‌ని మార్నాక్ చర్చి మీద రుద్దారు, ఆ రోజు మంచులోనే జనం లేచి బయటికి నడిచి వెళ్లిపోయి, తర్వాత తమ చర్చి తాము కట్టుకున్నారు. రెండేళ్లకి, 1843లో, దేశమంతటా 450కి పైగా పాస్టర్లు స్కాట్లాండ్ అధికారిక చర్చి నుంచి విడిపోయి ఫ్రీ చర్చి పెట్టారు. మా వాళ్లు కూడా అలా బయటికి నడిచినవాళ్లేనని నా నమ్మకం, ఎందుకంటే 1841కి ముందు పుట్టిన ఇద్దరు పిల్లలు రిజిస్టర్లో ఉన్నారు, తర్వాతి ముగ్గురూ లేరు. విడిపోయిన చర్చిల రిజిస్టర్లు కొన్ని సైట్లోనే వేరే విభాగంలో ఉంటాయి, అక్కడా వెతకండి.

ఇక ఆవిడ కూతురు 1866లో పుట్టింది. తండ్రి పేరు ఉండాల్సిన చోట ఖాళీ. పెళ్లి కాని తల్లికి బిడ్డ పుడితే, తండ్రి స్వయంగా వచ్చి తల్లితో పాటు సంతకం పెడితేనే అతని పేరు రాసేవారు. ఇలాంటి ఖాళీ దొరికితే ఆగిపోవద్దు, కిర్క్ సెషన్ మినిట్స్ చూడండి. చర్చి పెద్దలు పెళ్లికాని తల్లుల్ని పిలిచి తండ్రి ఎవరని అడిగి రాసిన పుస్తకాలివి. 2021 నుంచి సైట్లో ఉచితంగా చదవొచ్చు. పేరు కొట్టి వెతకడం కుదరదు, ఒక్కో పేజీ తిప్పాలి. చేతిరాత అలవాటు కావడానికే నాకు నెల పట్టింది. రెండు చలికాలాలు, పిల్లలు పడుకున్నాక, రోజుకి పది పేజీలు. ఇరవై రెండేళ్ల పిల్లని అంతమంది మగవాళ్ల ముందు నిలబెట్టి అడిగిన ప్రశ్నలు చదువుతుంటే కడుపులో దేవినట్టయ్యేది. కానీ ఆవిడ చెప్పిన జవాబు అక్కడ ఉంది. ఆవిడ పనిచేసిన పొలంలోనే పనిచేసే జీతగాడు, అతనూ ఒప్పుకున్నాడు.

ఆ రోజుల్లో పొలం జీతగాళ్లని ఎక్కువగా ఆరు నెలల ఒప్పందం మీద పెట్టుకునేవారు, మే నెలలో విట్‌సండేకి, నవంబర్‌లో మార్టిన్‌మస్‌కి మారిపోయేవారు. అతను ఎటు వెళ్లాడో తెలీదు, 1871 లెక్కల్లో ఆ పేరుతో ఇద్దరున్నారు, ఇంకా తేల్చుకోలేదు.

అత్తగారికి ఫోన్లో చదివి వినిపిస్తే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఏ పొలం?" అని మాత్రం అడిగారు. స్కాట్లాండ్ జాతీయ గ్రంథాలయం సైట్లో పాత ఆర్డ్‌నెన్స్ సర్వే (ప్రభుత్వ సర్వే సంస్థ) మ్యాపులు ఉచితంగానే ఉన్నాయి, మైలుకి ఆరంగుళాల స్కేలు మ్యాపులో ఆ పొలం, దాని పశువుల కొట్టం, బావి అన్నీ కనిపించాయి. మొన్న మే నెలలో తీసుకెళ్లాను. కొట్టం గోడ ఒకటి ఇంకా ఉంది. అత్తగారు కారు దిగి ఆ గోడ దాకా నడిచివెళ్లి, రాయి మీద చెయ్యి పెట్టి, తన పేరే ఉన్న ఆవిడ పేరుని పైకి చదివినట్టు పలికారు.