రాజ్‌దూత్ 175: ఇరవై మూడేళ్లు నడిపాక, ముందు ఫోర్క్ గురించి నాలుగు మాటలు

రాజ్‌దూత్ అనగానే అందరూ దాని పొగ, చప్పుడు, మైలేజీ గురించే మాట్లాడతారు. అవి మీకు తెలిసినవే. 1986 నుంచి 2009 దాకా తెనాలి దగ్గర మా ఊరి నుంచి రోజూ పాలకేంద్రానికి క్యాన్లు మోసిన బండి మాది. దాని మీద నాకు ఇంత ప్రేమ మిగిలిందంటే కారణం ముందు ఫోర్క్, అంటే ముందు చక్రాన్ని బండికి పట్టి ఉంచే భాగం.

మామూలు బళ్లకు ముందు రెండు గొట్టాలుంటాయి. బ్రేకు పట్టగానే అవి కుంగి బండి ముక్కు కిందికి వంగుతుంది. రాజ్‌దూత్‌కి వెనక చక్రానికి ఉన్నట్టే ముందు చక్రానికీ ఊగే చేయి ఉంటుంది. దాని కీలు చక్రానికి వెనకాల, రెండు పక్కలా షాకబ్జర్లు. బ్రేకు పడితే ముందు భాగం కుంగదు సరికదా, కాస్త పైకి లేస్తుంది. దీన్ని ఎర్ల్స్ ఫోర్క్ అంటారు. బీఎండబ్ల్యూ వాళ్లు 1955 నుంచి 1969 దాకా తమ పెద్ద బళ్లకు ఇదే వాడారు. మనకైతే పోలండ్ నుంచి వచ్చింది. అక్కడి క్యెల్ట్సె ఊళ్లో తయారైన ఎస్‌హెచ్‌ఎల్ ఎం11 బండినే ఎస్కార్ట్స్ కంపెనీ 1962 నుంచి ఇక్కడ రాజ్‌దూత్ పేరుతో చేసింది. పోలండ్‌లో ఆ ఎం11 ఇప్పుడు మ్యూజియంలో చూసే బండి. మావైపు చివరిదాకా పాలబండిగానే తిరిగింది.

1991 వానాకాలంలో ఒకరోజు, ఇంకా తెల్లారలేదు. కాలవగట్టు మీద రేగడి మట్టి సబ్బులా ఉంది. చెరో పక్క 40 లీటర్ల క్యాన్, రెండూ నిండుగా. తుమ్మచెట్టు పక్కనుంచి గేదెదూడ ఒకటి తాడు తెంపుకొని సరిగ్గా అడ్డం వచ్చింది. రెండు బ్రేకులూ ఒక్కసారే పట్టేశాను. వెనక చక్రం జారి కాలవ వైపు తిరిగింది. క్యాన్ల బరువంతా నా నడుం మీదికి తోసుకొచ్చింది. ఇక అయిపోయింది అనుకున్నా. కానీ హ్యాండిల్ నా చేతుల్లోకి లేచినట్టై అక్కడే నిలబడింది, ముందు చక్రం పక్కకి పోలేదు. దూడకి జానెడు దూరంలో ఆగాను. క్యాన్ మూత సందులోంచి కారిన పాలు వెచ్చగా పాదం మీద పడుతుంటే అప్పుడు కాళ్లు వణకడం మొదలైంది. ఇంటికొచ్చి నాన్నకి చెబితే, ముందు బండిని తడిమి చూశాడు, తర్వాత నన్ను.

ఆ రోజు ముందు చక్రం జారకపోవడానికి దాని డ్రమ్ బ్రేకు మెత్తగా పట్టడం కూడా కారణమేమో అని తర్వాత చాలాసార్లు అనిపించింది. ఆ బ్రేకులు గట్టివని నేను చెప్పలేను.

ఫోర్క్‌కీ సేవ చెయ్యాలి. 1997లో పనుల హడావుడిలో కొన్ని నెలలు గ్రీజు పెట్టించలేదు. 50 దాటితే చాలు హ్యాండిల్ అటూ ఇటూ ఊగేది. నడపాలంటేనే టెన్షన్. ఒక మెకానిక్ హ్యాండిల్ తిరిగేచోట ఉండే బాల్‌రేసులు మార్చాడు, తర్వాత రిమ్ము బెండు తీశాడు, రెండుసార్లూ డబ్బు తీసుకున్నాడు. ఊగడం మాత్రం తగ్గలేదు. చివరికి మా పక్కూరి లేత్ ఆయన బండిని సెంటర్ స్టాండ్ వేసి, ముందు చక్రాన్ని రెండు చేతులతో పట్టుకుని పక్కకి లాగాడు. టక్కుమంది. ఫోర్క్ కీలులో బోల్టు చుట్టూ ఉండే గొట్టం, అదే బుష్, అరిగి లోపల బోల్టు ఆడుతోంది. లేత్ మీద కొత్త బుష్ తిప్పి వేసేసరికి బండి మళ్లీ దారిన పడింది. ఆ తర్వాత నెల తప్పకుండా గ్రీజు పెట్టించాను.

ఇప్పుడు పాతది ఎవరైనా అమ్ముతుంటే కొనొచ్చా అని అడిగితే, మీరు తిరిగే దారిని బట్టి చెబుతాను. నాలా గట్ల మీద, మట్టిరోడ్ల మీద 40లో పోయేవాళ్లు, దగ్గర్లో మంచి లేత్ పనివాడు ఉన్నవాళ్లు ధైర్యంగా తీసుకోవచ్చు. రోజూ హైవే మీద గుంటూరు వెళ్లి రావాలంటే నేను తీసుకోమనను. లీటరు పెట్రోలుకు 40 మి.లీ. ఆయిలు కొలిచి కలిపే ఓపికా ఉండాలి.

మోకాలు సహకరించక కిక్ కొట్టలేకే 2009లో పక్కన పెట్టాను. ఇప్పుడు ఆదివారాలు మావాడు బయటికి తీస్తాడు. తాళం ఇచ్చే ముందు ముందు చక్రాన్ని పట్టుకుని ఒకసారి పక్కకి లాగి, చప్పుడు వస్తుందేమో వింటాను.