ఒకవైపు ఊటీ, ఒకవైపు రెంటచింతల: కారు ఏసీ తలుపు మోటర్‌తో నా ఆరేళ్ళ అనుభవం

2019 జూలై. మధ్యాహ్నం మూడింటికి ఫ్రిస్కో నుంచి ఇర్వింగ్ వెళ్తున్నాం. డాలస్ ఎండ ఎలా ఉంటుందో ఇక్కడుండే మనవాళ్ళకు చెప్పక్కర్లేదు. నా వైపు వేళ్ళు చల్లబడేంత గాలి వస్తోంది. పక్క సీట్లో మా ఆవిడ మొహానికి మాత్రం ఇస్త్రీపెట్టె ముందు కూర్చున్నంత సెగ. "నీ వైపు ఊటీ, నా వైపు రెంటచింతల. ఏం కారయ్యా ఇది?" అంది. ఆమెది నరసరావుపేట, రెంటచింతల ఎండ సంగతి ఆమెకు తెలిసినంతగా నాకు తెలియదు.

అంతకు వారం ముందు నుంచే కారు చెబుతోంది, నేనే వినలేదు. స్టార్ట్ చేసినప్పుడల్లా గ్లవ్ బాక్స్ వెనకాల ఎవరో గోటితో కొడుతున్నట్టు టక్, టక్, టక్ అని పది పన్నెండు సార్లు మోగి ఆగిపోయేది. ఏదో ప్లాస్టిక్ వదులైందనుకున్నాను.

బండి 2011 మోడల్ ఎస్‌యూవీ, రెండు వైపులా వేరువేరు టెంపరేచర్ పెట్టుకునే రకం. కంపెనీ పేరు అనవసరం, ఈ జబ్బు చాలా కంపెనీల బండ్లకు వస్తుంది.

మొదట నేను చేసింది తప్పు పని. ఏసీ చల్లగా రాకపోతే మనవాళ్ళ నోట వచ్చే మొదటి మాట "గ్యాస్ అయిపోయింది". నేనూ అదే అనుకుని ఆర్-134ఏ డబ్బా కొనుక్కొచ్చాను. గేజి ముల్లు అప్పటికే ఆకుపచ్చ గీతలో ఉంది. అది చూసి కూడా కాస్త ఎక్కించాను, బుద్ధి లేక. ఏం మారలేదు.

ఆ సాయంత్రం వంటింట్లోంచి మాంసం ఉడికిందో లేదో చూసే థర్మామీటర్ తీసుకెళ్ళి గాలి వచ్చే వెంట్లలో పెట్టాను. బయట 39 డిగ్రీలు. నా వైపు వెంట్లో 9. మా ఆవిడ వైపు 54. అసలు సంగతి ఆ మూడు అంకెల్లోనే ఉంది. గ్యాస్ తక్కువైనా ఒకవైపు చల్లదనం తగ్గొచ్చు, అది నిజమే. కానీ గ్యాస్ తక్కువైనంత మాత్రాన గాలి బయటి ఎండకన్నా వేడిగా రాదు. 54 డిగ్రీలు వస్తోందంటే ఆ గాలి ఇంజిన్ వేడి మీదుగా వస్తోందన్నమాట.

డ్యాష్‌బోర్డు వెనకాల ఒక పెద్ద ప్లాస్టిక్ పెట్టె ఉంటుంది. అందులో గాలిని చల్లబరిచే ఏసీ కాయిల్ ఒకటి, వేడిచేసే హీటర్ కోర్ ఒకటి. చాలా బండ్లలో ఇంజిన్ వేడిని లాగే ద్రవం, అంటే కూలెంట్, ఎండాకాలంలో కూడా ఆ హీటర్ కోర్‌లో తిరుగుతూనే ఉంటుంది, దాదాపు 90 డిగ్రీల వేడితో. ఏసీ కాయిల్ మీద చల్లబడిన గాలి హీటర్ మీదుగా పోవాలా, దాన్ని తప్పించుకుని రావాలా అని నిర్ణయించేది ఒక చిన్న తలుపు. దాన్ని బ్లెండ్ డోర్ అంటారు. నా బండిలో రెండు వైపులకీ రెండున్నాయి. గాలి మొహానికా, కాళ్ళకా, అద్దానికా అని తిప్పే తలుపు వేరు, బయటి గాలి రానిచ్చే తలుపు వేరు. ఒక్కో తలుపుకూ అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్ద మోటర్ డబ్బా. అదే యాక్చుయేటర్. లోపల 12 వోల్టుల బుల్లి మోటర్, నాలుగైదు ప్లాస్టిక్ గేర్లు, తలుపు ఎక్కడుందో కంప్యూటర్‌కు చెప్పే ఒక సెన్సార్. గేరు పళ్ళు అరిగితే మోటర్ తిరుగుతుంది, తలుపు కదలదు. ఆ టకటక చప్పుడు పళ్ళు జారే చప్పుడే.

షాపులో అడిగితే ఒక్క మోటర్ మార్చడానికి 620 డాలర్లన్నారు. పార్ట్ ఆన్‌లైన్‌లో 28 డాలర్లు. ఇంకేం, ఉత్సాహం వచ్చేసింది.

ఆదివారం పొద్దున్నే బ్యాటరీ నెగెటివ్ వైరు పీకి పదిహేను నిమిషాలు ఆగాను. డ్యాష్‌బోర్డు కింద పసుపు రంగు కనెక్టర్లు కనిపిస్తే అవి ఎయిర్‌బ్యాగ్‌వి, వాటి జోలికి పోకూడదు. గ్లవ్ బాక్స్ ఊడదీయడం ఐదు నిమిషాలు. యాక్చుయేటర్‌కు మూడు స్క్రూలు, 5.5 ఎంఎం సాకెట్. వాటిలో రెండు కంటికి కనిపిస్తాయి. మూడోది కనిపించదు. మొహం అద్దం ఒకటి, ఫోన్ కెమెరా ఒకటి పెట్టి, వెల్లకిలా పడుకుని, కాళ్ళు సీటు మీదకు ఎత్తి, చెయ్యి మణికట్టు దాకా దూర్చి, తడుముతూ తిప్పాలి. ఒక్కో తిప్పుకు సాకెట్ పావు చుట్టు కూడా తిరగదు. ఆ ఒక్క స్క్రూకే నాకు గంటా పది నిమిషాలు పట్టింది. ఊడిన వెంటనే చేతిలోంచి జారి కార్పెట్ కిందకు పోయింది. కర్రకు అయస్కాంతం ఉండే పనిముట్టు ఒకటి దొరుకుతుంది, ఆరేడు డాలర్లు. ముందే కొనుక్కోండి.

పాత మోటర్ బయటికొచ్చాక తలుపు ఇరుసు కనిపించింది, తెల్ల ప్లాస్టిక్‌ది, ఒకవైపు చదునుగా. కొత్తది బిగించే ముందు దాన్ని వేళ్ళతో తిప్పి చూడండి. ఈ చివర నుంచి ఆ చివరకు మెత్తగా తిరగాలి. బిగుసుకుంటే తలుపులో ఏదో ఇరుక్కుంది. ఊరికే గిరగిరా తిరిగితే ఇరుసే విరిగింది. అప్పుడు ఎంత మంచి మోటర్ వేసినా దండగే, పెట్టె విప్పాల్సిందే. నాది అదృష్టవశాత్తూ బాగానే ఉంది. బ్యాటరీ కలిపి, ఇంజిన్ ఆన్ చేయించి, ఇరుసును వేళ్ళతో తిప్పాను. మూడు నాలుగు సెకన్లలో సెగ ఆగి చలిగాలి కొట్టింది. మా ఆవిడ సీట్లోంచి "వచ్చేసింది, వచ్చేసింది, వదలకు!" అని అరిచింది.

పాతదాన్ని విప్పి చూస్తే ఒక గేరుకు మూడు పళ్ళు లేవు. ఫెవిక్విక్ లాంటి గమ్ముతో అతికించి చూద్దామని సరదా పుట్టింది గానీ, పాతికేళ్ళప్పుడు చేసేవాణ్ణేమో.

కొత్తది బిగించాను. ఇక్కడ ఇంకో తప్పు చేశాను. ఆన్ చేయగానే ఆత్రంగా బటన్లన్నీ నొక్కాను. చల్లదనం సగమే వచ్చింది. కొత్త మోటర్‌కు తలుపు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో కంప్యూటర్ మళ్ళీ నేర్చుకోవాలి. నా బండికి పద్ధతి ఇది: ఏసీ ఫ్యూజు పీకి ఒక నిమిషం ఆగాలి, తిరిగి పెట్టి, ఇగ్నిషన్ ఆన్ చేసి, రెండు నిమిషాలు ఏ బటనూ ముట్టకూడదు. చెవి పెట్టి వింటే ఒక్కో మోటర్ సన్నగా గుయ్యిమంటూ ఆ చివర దాకా వెళ్ళి ఆగడం, తర్వాత ఇంకోటి మొదలవడం వినిపిస్తుంది. మీ బండికి పద్ధతి వేరే ఉండొచ్చు, సర్వీస్ మాన్యువల్ చూసుకోండి. కొత్త పార్ట్ పాడని తిరిగి పంపేవాళ్ళలో చాలామంది ఈ రెండు నిమిషాలు ఆగి ఉండరని నా అనుమానం.

ఇక పార్ట్ సంగతి. 28 డాలర్లది పదిహేను నెలలు పనిచేసింది. 2020 అక్టోబర్‌లో మళ్ళీ పేచీ, ఈసారి వేరే రకం. చప్పుడు లేదు. హైవే మీద పోతుంటే పది నిమిషాలు చల్లగా, తర్వాత వెచ్చగా, మళ్ళీ చల్లగా. గేర్లు కావు, సెన్సార్ పోయింది. మల్టీమీటర్ పెట్టి చూస్తే తలుపు కదులుతున్నకొద్దీ సున్నాకీ ఐదుకీ మధ్య నిదానంగా మారాల్సిన వోల్టేజి ఎగిరెగిరి పడుతోంది. కారు కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్లు చదివే చవక కోడ్ రీడర్ ఇక్కడ పనికిరాదు. అది ఇంజిన్ కోడ్లే చదువుతుంది. 'బి'తో మొదలయ్యే ఏసీ కోడ్లు చదివేది కావాలి.

ఈసారి బండి కంపెనీ ఒరిజినల్ పార్టే 74 డాలర్లు పెట్టి కొన్నాను. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే బయటికి తేడా ఏమీ కనిపించదు. వేసి తిప్పితేనే తెలుస్తుంది. ఒరిజినల్ మోటర్ చప్పుడే వినపడదు. అది ఈరోజుకీ పనిచేస్తోంది, ఐదు డాలస్ ఎండాకాలాలు దాటింది. మూడో స్క్రూ రెండోసారి నలభై నిమిషాల్లో ఊడింది. అయినా మూడోసారి అక్కడ చెయ్యి పెట్టే ఓపిక నాకు లేదు. చెయ్యి పట్టని చోటుకు మాత్రం ఒరిజినలే కొనండి.

చెయ్యి పట్టే చోటైతే చవకది చాలు. 2022లో గాలి ఎటు పోవాలో తిప్పే తలుపు మోటర్ పోయింది. ఏ బటన్ నొక్కినా గాలి ముందు అద్దానికే. అది డ్రైవర్ కాళ్ళ దగ్గర తెరుచుకుని ఉంటుంది, రెండు స్క్రూలు, పావుగంట పని. 25 డాలర్లది వేశాను. అప్పుడప్పుడు చలికాలం పొద్దున్నే మూలుగుతుంది, పని మాత్రం ఆపలేదు.

పోయినేడాది విజయవాడ నుంచి మా బావమరిది ఫోన్ చేసి, "బావా, రెండుసార్లు గ్యాస్ కొట్టించాను, పదిహేను రోజులకే మళ్ళీ మామూలే" అన్నాడు. అతనిది నాబ్ తిప్పే చిన్న కారు. వాటిలో చాలావాటికి మోటర్ ఉండదు. సైకిల్ బ్రేకుకు ఉన్నట్టు ఒక తీగ నాబ్ నుంచి తలుపు దాకా ఉంటుంది. నాబ్ వేడి వైపు నుంచి చల్ల వైపుకు తిప్పినప్పుడు ఏమన్నా బిగువుగా ఉందా అని అడిగాను. "అస్సలు లేదు, వదులుగా తిరుగుతోంది" అన్నాడు. గ్లవ్ బాక్స్ పక్కన వీడియో కాల్‌లో చూస్తే తీగ క్లిప్పు ఊడి వేలాడుతోంది. తలుపు వేడి, చల్లదనాల మధ్య ఎక్కడో ఆగిపోయింది. క్లిప్పు నొక్కి పెట్టాడు, రూపాయి ఖర్చు లేదు. రెండుసార్లు గ్యాస్‌కు పోసిన డబ్బు గురించి ఇద్దరం మాట్లాడుకోలేదు.

ఇక డ్రైవర్ వైపు బ్లెండ్ డోర్. పోయిన మార్చిలో అది కూడా టక్ టక్ మొదలుపెట్టింది. ఒరిజినల్ పార్ట్ కొని, అద్దం, టార్చి తీసుకుని కింద దూరాను. మూడో స్క్రూ సంగతి సరే, మొదటిదే కనిపించలేదు. స్టీరింగ్ కింది ప్యానెల్, దాని వెనక ఇనప బద్దీ, ఆ పక్కనే పసుపు కనెక్టర్. ఇరవై నిమిషాలు చూసి బయటికొచ్చి బట్టలు దులుపుకున్నాను. పార్ట్ నాదే ఇచ్చి షాపులో బిగించమన్నాను, లేబర్ 340 డాలర్లు. అతనికి మూడు గంటలు పట్టింది. బయటికొచ్చినప్పుడు అతని మోచేతి దాకా గీతలే.