పాత సి గ్రేడు: దాచాలా, చెప్పాలా?

అమెరికాలో మెడికల్ స్కూల్‌కి అప్లై చేసే మన పిల్లల్లో చాలామందికి ఒకటే టెన్షన్: ఫస్టియర్ కెమిస్ట్రీలో వచ్చిన సి మైనస్‌ని ఏం చేయాలి?

దాచేద్దామంటే అసలు దారే లేదు. ఎం.డి. డిగ్రీ ఇచ్చే కాలేజీల దరఖాస్తులు ఎక్కువగా ఆమ్‌కాస్ అనే ఉమ్మడి దరఖాస్తు సర్వీసు ద్వారానే వెళ్తాయి. అక్కడ మీరు చదివిన ప్రతి కాలేజీ ట్రాన్‌స్క్రిప్ట్ (కోర్సులు, గ్రేడ్ల అధికారిక పత్రం) అడుగుతారు. హైస్కూల్లో ఉండగా కమ్యూనిటీ కాలేజీలో తీసుకున్న ఒక్క కోర్సయినా, మధ్యలో వదిలేసిందైనా రాయాల్సిందే. ఆ తర్వాత మీరు రాసినదాన్ని ట్రాన్‌స్క్రిప్ట్‌తో సరిచూస్తారు. మళ్లీ చదివి ‘ఏ’ గ్రేడు తెచ్చుకున్నా పాత గ్రేడు చెరగదు, రెండూ జీపీఏలో (గ్రేడ్ల సగటులో) కలుస్తాయి. ఆస్టియోపతిక్ కాలేజీల (డి.ఓ. అనే మరో డాక్టర్ డిగ్రీ ఇచ్చేవి) దరఖాస్తులో కొత్త గ్రేడునే లెక్కించే వెసులుబాటు ఉండేది. అదీ 2017లో పోయింది. "అంత పాతది ఎవరు చూస్తారులే" అనే బంధువుల సలహా ఇక్కడ పనికిరాదు.

చెప్పడం సులువే, కానీ ఎంత చెప్పాలన్నదే చిక్కు. దరఖాస్తులో మీ గురించి రాసే 5,300 క్యారెక్టర్ల వ్యాసాన్ని సంజాయిషీతో నింపితే, డాక్టర్ ఎందుకవ్వాలనుకున్నారో చెప్పడానికి చోటుండదు. ఏం జరిగింది, తర్వాత చదివే తీరు ఎలా మారింది: రెండు మూడు వాక్యాలు చాలు. చాలా కాలేజీలు సెకండరీ దరఖాస్తులో (మొదటి దరఖాస్తు తర్వాత ఒక్కో కాలేజీ విడిగా అడిగేది) దీనికి వేరే ప్రశ్నే ఇస్తాయి, అక్కడ రాయడం మేలు. ప్రొఫెసర్ సరిగా చెప్పలేదని మాత్రం రాయకండి. ఒక్క సి ఉండి, తర్వాతి సెమిస్టర్లన్నీ బాగుంటే, నన్నడిగితే వివరణే అక్కర్లేదు. ఇంటర్వ్యూలో అడిగితే అప్పుడు చెప్పొచ్చు.