షుగరు, గుండె పరీక్షల ప్యాకేజీ: సూది హాయి, టైమే గొడవ

ఆరున్నరకి వస్తానన్న ల్యాబు కుర్రాడు ఎనిమిదింటికి దిగాడు. పరగడుపున, కాఫీ లేకుండా కూర్చున్న మా ఆయన మొహం చూడాలి! సూది గుచ్చిన సంగతే తెలియలేదట, అది మెచ్చుకోవాలి. సాయంత్రానికే ఫోన్లో రిపోర్టు. మూడు నెలల షుగరు సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 6.1. అంటే షుగరు జబ్బు గడప మీదున్నట్టే, 6.5కి చేరితే ఇంట్లోకొచ్చినట్టే. రక్తంలో కొవ్వు, అదే ట్రైగ్లిజరైడ్లు, 212 (150 లోపుండాలి), మంచి కొలెస్ట్రాల్ 36, తక్కువే. ఒంట్లో ఇన్సులిన్ మాట చెల్లనప్పుడు ఈ రెండూ ఇలా జోడీగా వస్తాయట, గుండెకీ చేటేనన్నారు డాక్టరుగారు.

నా కోపమల్లా ఒంట్లో వాపుని, దాంతో గుండె ముప్పుని చెప్పే హెచ్‌ఎస్-సీఆర్‌పీ పరీక్ష మీద. 8 అని ఎర్రగా వేశారు. ఆయనకప్పుడు జలుబు, జ్వరం. వాటికీ అది పెరుగుతుంది, తీసేముందు ఒక్కమాట అడగొద్దూ? తగ్గాక మళ్లీ చేయిస్తే 1.8. దానికీ పూర్తి డబ్బులు గుంజారు.